ఎంపీసీ అయితేనే ఫ్రీ

"నా పేరుతో నువ్వు రాయకు అమ్మా."

అమెరికా నుంచి సెలవులకి గుంటూరు వచ్చిన నాలుగో రోజు మా అమ్మాయి నాతో అన్న మాట ఇది. బ్రాడీపేటలో మా నాన్న ఇంట్లో, మధ్యాహ్నం కరెంటు పోయి అందరం వరండాలో కూర్చున్నాం. దాని ఫోన్‌కి ఆలబామా యూనివర్సిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది, మా కాలేజీ మీద ఆసక్తి చూపినందుకు సంతోషం అని. ఆసక్తి చూపింది అది కాదు, నేను. ఫిబ్రవరిలో ఒక రాత్రి దాని పేరు, దాని ఈమెయిల్ పెట్టి ఫారం నింపేశాను. ఆలబామాకి ఒక్కదానికే కాదు, పదకొండు కాలేజీలకి. "అక్కడికి నేను వెళ్ళను" అంది. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. మామూలుగా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో అది పన్నెండో తరగతిలోకి వెళ్తుంది. ఏడాదిగా నా దగ్గర ఒక ఎక్సెల్ షీటు నడుస్తోంది, బాగా చదివే పిల్లలకి ఆదాయంతో పని లేకుండా మార్కులు చూసి ఏ కాలేజీ ఎంత మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తుందని. ఇంట్లో పదో తరగతి, పదకొండో తరగతి పిల్లలున్నవాళ్ళకి అందులోవి కొన్ని పనికొస్తాయి కాబట్టి చెబుతాను. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు, ఎంఐటీలోనూ లేదు. వాళ్ళిచ్చేదంతా కుటుంబ ఆదాయం చూసే. ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకి ట్యూషన్ ఫీజు ఉండదని హార్వర్డ్ 2025లో ప్రకటించింది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్న మాలాంటి ఇళ్ళు ఆ గీత దాటేస్తాయి. అలాగని పెద్ద ప్రైవేటు యూనివర్సిటీల్లో హాస్టలు, భోజనంతో కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటిపోయిన ఖర్చుని నాలుగేళ్ళు కళ్ళు మూసుకుని కట్టేయగలమా అంటే అదీ కాదు.

మెరిట్ డబ్బు ఎక్కువగా ఉండేది మంచి మార్కుల పిల్లల్ని తమ దగ్గరికి రప్పించుకోవాలనుకునే కాలేజీల్లో. ఆలబామా అయితే జీపీఏ (నాలుగుకి లెక్కేసే సగటు గ్రేడు) ఇంత, ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్ష) స్కోరు ఇంత ఉంటే ఇంత ఇస్తామని పట్టికే పెట్టేసింది. వాండర్‌బిల్ట్‌లో పూర్తి ట్యూషన్ ఫీజు ఇచ్చేవి ఉన్నాయి కానీ చాలా కొద్దిమందికే, దానికి వేరే అప్లికేషన్ రాయాలి. ఏ కాలేజీ అయినా ఏటా బయటపెట్టే కామన్ డేటా సెట్ అనే కాగితం తెరిచి అందులో హెచ్ భాగం చూడండి. ఆదాయం ప్రకారం సాయం అవసరం లేని పిల్లల్లో ఎంతమందికి ఇచ్చారో, సగటున ఎంత ఇచ్చారో ఉంటుంది. వెబ్‌సైట్లో పెద్ద అక్షరాలతో రాసిన మాటలకంటే అది నమ్మదగింది. ఇంకొకటి, ఎర్లీ డెసిషన్‌లో, అంటే ఒక్క కాలేజీకి అందరికంటే ముందుగా, అప్లికేషన్ వేస్తే సీటొచ్చిన చోటికి వెళ్తామని మాటిచ్చినట్టే, నాలుగు ఆఫర్లు పక్కపక్కన పెట్టుకుని చూసుకునే వీలు పోతుంది. పదకొండో తరగతి అక్టోబరులో రాసే పీఎస్ఏటీని (ఎస్ఏటీకి ముందు రాసే పరీక్ష) మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, నేషనల్ మెరిట్ అనే దేశవ్యాప్త స్కాలర్‌షిప్‌కి ఆ స్కోరే దారి. కటాఫ్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, మా న్యూజెర్సీలో దేశంలోనే బాగా ఎక్కువ. మా అమ్మాయి స్కోరు సరిగ్గా కటాఫ్ అంచున ఉంది, వచ్చిందో లేదో సెప్టెంబరులో తెలుస్తుంది. ఆ టెన్షన్ దానికి లేదు, నాకే.

నా షీటులో ఒక తప్పుంది, అది నాకు ముందునుంచీ తెలుసు. కాలేజీలన్నిటినీ మిగిలే డబ్బు ప్రకారం వరసపెట్టాను. మా అమ్మాయికి ఇష్టమైనది భూగర్భశాస్త్రం. ఆ సబ్జెక్టు ఎక్కడ బాగుందో రాసుకునే గడి అందులో లేనే లేదు. నీకు నచ్చిందే చదువుకో అని చిన్నప్పటినుంచీ దానికి చెప్పింది నేనే.

ఆ మర్నాడు దుర్గమ్మ దర్శనానికి విజయవాడ బయల్దేరాం. మంగళగిరి దాటాక దారి పొడవునా హోర్డింగులు, ఒక్కోదాని మీద పాతిక ముప్ఫై మంది పిల్లల ఫొటోలు, కింద ర్యాంకులు. "వీళ్ళు ఎలక్షన్లలో నిలబడ్డారా?" అని అడిగింది మా అమ్మాయి. కాదమ్మా, కాలేజీ వాళ్ళు మాకిన్ని ర్యాంకులొచ్చాయని వేసుకుంటారు అన్నాను. పదో తరగతిలో బాగా మార్కులొచ్చిన పిల్లలకి ఫీజులో కన్సెషన్ ఇస్తారని, మరీ ఎక్కువొస్తే ఫ్రీ సీటే ఇస్తారని, నాకూ అలాగే వచ్చిందని చెప్పాను. కాసేపు బయటికి చూస్తూ కూర్చుంది. "నువ్వు ఫ్రీ సీటు అన్న ప్రతిసారీ నీ గొంతు మారిపోతుంది, తెలుసా?" అంది. నాకు తెలియదు. ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

1994లో నాకు పదో తరగతిలో 600కి 538 వచ్చాయి. మా నాన్న మిర్చి యార్డులో గుమస్తా, నా వెనక తమ్ముడున్నాడు. విజయవాడ నుంచి ఒక రెసిడెన్షియల్ కాలేజీ తరఫు మనిషి ఇంటికొచ్చి, ఫీజు వద్దు, హాస్టలుకి సగం కడితే చాలు అన్నాడు. నాకు బైపీసీ చదవాలని ఉండేది. మొక్కలంటే పిచ్చి, నోటుబుక్కు నిండా ఆకుల బొమ్మలే. ఎంపీసీ అయితేనే ఫ్రీ అన్నాడాయన. నేనేమీ అనలేదు. తెల్లారుజామున నాలుగింటికి లేవడం, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, వారం వారం పరీక్ష. ఒకసారి వరసగా రెండు వారాలు ర్యాంకు పడిపోతే ఆఫీసు గదికి పిలిచి, మీ నాన్న ఫీజు కట్టగలడా అని అడిగారు. పదిహేనేళ్ళ పిల్లని. ఇంటికొచ్చినప్పుడు ఆ సంగతి చెప్పలేదు.

మా అమ్మాయి ఏప్రిల్లోనే నన్ను అడిగింది, రెండో ఏడాది జీపీఏ తగ్గితే ఆ స్కాలర్‌షిప్ తీసేస్తారు కదా, అప్పుడెలా అని. చాలా కాలేజీల్లో ఆ షరతు ఉంటుంది, కొన్నిచోట్ల 3.0, కొన్నిచోట్ల 3.5. "నువ్వు చదివితే ఎందుకు తగ్గుతుంది" అన్నాను. ఆ ఆఫీసు గదిలో నాకు చెప్పినదానికీ దీనికీ ఎంత దూరం ఉందో ఆ రోజు నాకు తట్టలేదు, కారులో తట్టింది.

అలాగని ఆ ఫ్రీ సీటు లేకపోతే ఇంజినీరింగు లేదు, ఉద్యోగం లేదు, న్యూజెర్సీ లేదు, ఈ పిల్ల అడిగే ఈ ప్రశ్నలూ లేవు. దాన్ని తప్పని ఎలా అనను? స్కాలర్‌షిప్పులు వెతకొద్దని ఎవరికీ చెప్పను కూడా. చదువు అప్పుతో కాలేజీ నుంచి బయటికొచ్చి, వయసు ముప్ఫై దాటినా ఇంకా తీరుస్తున్నవాళ్ళని ఆఫీసులో రోజూ చూస్తున్నాను.

ఆ రాత్రి అన్నాలయ్యాక మా అమ్మాయి మా నాన్న పక్కన చేరింది. "తాతయ్యా, అమ్మకి బైపీసీ ఇష్టమని నీకు తెలుసా?" అని అడిగింది. నేను వంటింట్లో ఉన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "తెలుసమ్మా" అన్నారు. "నోటుబుక్కులో బొమ్మలు చూశాను. అప్పుడు కట్టడానికి లేదు." ముప్ఫై ఏళ్ళుగా ఆయనకి తెలియదనే అనుకుంటూ వచ్చాను. తెలియదు కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు అనుకున్నాను. తెలుసని విన్నాక కూడా రాలేదు, ఆయన దగ్గర నిజంగానే లేదు.

నా దగ్గర ఉంది. 2016లో రాజధాని వస్తుందని తుళ్ళూరు వైపు ఒక స్థలం కొన్నాం, పిల్ల చదువుకని చెప్పుకునే కొన్నాం. 2019 తర్వాత అడిగేవాడు లేడు. పనులు మళ్ళీ మొదలయ్యాక ఇప్పుడు పుంజుకుంటోంది, ఇంకో ఐదేళ్ళు ఆగితే బంగారం అని మా ఆయనా, మా నాన్నా ఒకటే మాట. చదువుకని కొన్నది చదువు వేళకి అమ్మకూడనిది ఎలా అయిందో నాకు అర్థం కావడం లేదు. అమ్మేసినా నాలుగేళ్ళకి సరిపోతుందని కాదు. కానీ మన దగ్గర లేదు అని దానితో ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను, ఆ మాట నిజం కాదు.

మొన్న పొద్దున షీటు దానికి షేర్ చేశాను, ఇష్టమొచ్చినట్టు మార్చుకో అని. భూగర్భశాస్త్రానికి ఒక గడి కలిపింది, జీపీఏ షరతుకి ఇంకోటి. నేను ఫారాలు నింపిన పదకొండింటిలో ఏడు తీసేసింది. ఆలబామాని తీసేయలేదు. ఎందుకని అడగబోయి ఆగాను.

నిన్న సాయంత్రం తుళ్ళూరు బ్రోకరుకి ఫోన్ చేసి గజం ఎంత పలుకుతోందని అడిగాను. నాన్నకి ఇంకా చెప్పలేదు.