డాక్టరుగారు అడగని ప్రశ్న

అమ్మకి 56 ఏళ్లప్పుడు మొదలైంది. మొదట వచ్చింది మతిమరుపు కాదు. నాన్న జ్వరంతో పడుకుంటే ఒక్కసారి కూడా నుదురు ముట్టుకుని చూడలేదు. ఎవరైనా ఇంటికొస్తే మాట మధ్యలో లేచి వెళ్లిపోయేది. మేం కోప్పడ్డాం, పోట్లాడాం. అది మతిమరుపు కంటే ముందు ప్రవర్తనని మార్చేసే ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అనే మెదడు జబ్బని తేలేసరికి రెండేళ్లు గడిచాయి.

ఆ రోజు డాక్టరుగారు "మీ ఇంట్లో ఇంకెవరికైనా మతిమరుపు ఉందా?" అని అడిగారు. లేదన్నాను. నిజమే చెప్పాను. ఫైల్లో కుటుంబ చరిత్ర లేదని రాసేశారు. జన్యు పరీక్ష మాటే రాలేదు.

మరో ఏడాదికి వేరేచోట ఒక జెనెటిక్ కౌన్సెలర్, అంటే వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి వివరించే నిపుణురాలు, తెల్ల కాగితం తీసి, అమ్మ తరఫు వాళ్లందరినీ గీయించారు. ఎవరు ఎన్నేళ్లకి పోయారు, పోయేముందు ఎలా ఉన్నారు అని ఒక్కొక్కరి గురించీ అడిగారు. పెద్దమావయ్య 49 ఏళ్లకే పోయాడు. చేతులు సన్నబడిపోయి, చివరికి మింగుడు కూడా పడలేదు. మేం నరాల జబ్బు అనేవాళ్లం. అమ్మమ్మ అరవై దాటాక, ఎవరో తనని చంపడానికి వస్తున్నారని గది తలుపు గడియ పెట్టుకునేది. అది చెప్పగానే ఆవిడ రాయడం ఆపి నా వైపు చూశారు.

సి9ఓఆర్ఎఫ్72 అనే జన్యువులో ఒక చిన్న డీఎన్ఏ ముక్క వందలసార్లు తిరిగి తిరిగి వస్తే, ఒకే ఇంట్లో ఒకరికి డిమెన్షియా, ఒకరికి కండరాలు చచ్చుబడే ఏఎల్ఎస్, ఒకరికి లేనిపోని భ్రమలు రావచ్చట. ఈ సంగతి 2011లోనే బయటపడింది. ఒకేసారి చాలా జన్యువుల్ని చూసే మామూలు జన్యు ప్యానెల్‌లో ఈ మార్పు దొరక్కపోవచ్చు, దీనికి విడిగా పరీక్ష చెయ్యాలి. అంటే సరైన ప్రశ్న అడక్కపోతే, పరీక్ష చేయించినా ఏమీ లేదని వచ్చే ప్రమాదముంది.

డిమెన్షియా ఉన్న అందరికీ జన్యు పరీక్ష చేయించమని నేననను. ఎనభై ఏళ్లకి అల్జీమర్స్ వచ్చి, కుటుంబంలో ఇంకెవరికీ లేకపోతే, సాధారణంగా ఈ పరీక్షతో పెద్దగా తేలేది ఉండదు. అల్జీమర్స్‌తో ముడిపడిన ఏపీఓఈ4 అనే జన్యు రకం ఉందని తెలిసినా ముప్పు ఎక్కువని అర్థమే తప్ప, జబ్బు వచ్చి తీరుతుందని కాదు. లెకానెమాబ్ లాంటి అల్జీమర్స్ మందు మొదలుపెట్టేముందు మాత్రం అది చూడాలి, ఎందుకంటే అమ్మ నుంచీ నాన్న నుంచీ చెరొకటిగా దాని రెండు కాపీలు ఉన్నవాళ్లకి ఆ మందుతో మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు బాగా ఎక్కువ. కానీ 65 లోపు జబ్బు మొదలైనా, వయసుతో పని లేకుండా రక్తసంబంధీకుల్లో ఇలాంటి మరణాలు ఉన్నా, పరీక్ష గురించి చెప్పాలి. చేయించుకోవాలో వద్దో వాళ్లిష్టం.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటుంది. మొదటి రోజే అడిగి ఉంటే అమ్మే తన మాట చెప్పేది. అప్పటికింకా చెబితే అర్థం చేసుకునేది. ఏడాది తర్వాత ఆ స్థితి లేదు. సంతకం నాన్న పెట్టారు. పెడుతూ "దానికిది ఇష్టమో కాదో" అన్నారు.

అమ్మ రిపోర్టులో ఆ మార్పు ఉంది. అది నాకూ తమ్ముడికీ వచ్చి ఉండే అవకాశం ఒక్కొక్కరికీ సగం. వాడు తెలుసుకోనన్నాడు, నేను బలవంతపెట్టలేదు. నాకు తెలుసుకోవాలని ఉంది. వచ్చే నెల మళ్లీ ఆ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. "ఏం వచ్చినా నాకు చెప్పకక్కా" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.