మా నాన్న రేడియో లైసెన్సు, ఇంకొకరి పేరు

వినాయక చవితి మర్నాడు నా చిన్ననాటి స్నేహితురాలు వాట్సాప్‌లో ఒక లింకు పంపి, "అచ్చం మీ ఇంటి సంగతిలానే ఉందే, చదువు" అంది. తెరిచాను. "మా నాన్న రేడియో పెట్టేదాకా మా ఇంట్లో తెల్లవారేది కాదు" అని మొదలైంది. ఆ వాక్యం నాదే. నా బ్లాగులో 2021 ఏప్రిల్లో నేను రాసుకున్నదే. చివరిదాకా ఒక్క ముక్క మారలేదు.

సత్యనారాయణపురంలో మేం అద్దెకున్న వాటా, గూట్లో రేడియో, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైనప్పటి సంగతులు తాతయ్య చెప్పిన తీరు, రేడియో ఉన్నందుకు ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి స్టాంపు వేయించుకోవాల్సిన లైసెన్సు పుస్తకం, అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకం ఫొటో మీద నేను వేసుకున్న పేరును కత్తిరించేశారు. అడుగున 'సేకరణ' అని పెట్టి ఎవరిదో పేరు. దాని కింద ఒక పాఠకుడు ఆ మనిషికి "మీ నాన్నగారికి నా నమస్కారాలండీ" అని రాశాడు. మా నాన్న పోయి ఆరేళ్లు. ఆ నమస్కారం ఎవరికి చేరిందో తలచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

'సేకరణ' అనే మాట మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. ఎవరు రాశారో తెలియక ఆ మాట పెట్టి పంపేవాళ్ల మీద నాకు పెద్దగా కోపం లేదు, నచ్చింది కాబట్టే నలుగురికీ పంపుతారు. కానీ రాసిన మనిషి పేరు కళ్లెదుట ఉండగా దాన్ని చెరిపి, చుట్టూ ప్రకటనలు పెట్టుకుని, సేకరించాను అనడం వేరు.

కోపం మీద ముందుగా వాళ్లకే రాశాను. అక్కడే తప్పు చేశాను. మర్నాటికి వాళ్ల పేజీ మీద తేదీ 2019 అయిపోయింది! ఇక కొత్తగా చూసేవాళ్లకు నేనే వాళ్లది ఎత్తిరాసినట్టు. ఎవరికైనా ఇలా జరిగితే, ఒక్క మాట అనకముందే ఆ పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. వెబ్ పేజీల నకళ్లను తేదీతో సహా దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో ఆ పేజీ చిరునామా ఇచ్చి భద్రం చేయించండి. అది ఉచితమే.

అదే వేబ్యాక్ మెషీన్ నన్ను కాపాడింది. 2021లోనే నా పేజీ నకలు అందులో ఉంది. ఇక వాళ్ల డొమైన్, అంటే సైటు పేరు, ఎప్పుడు నమోదైందో హూఈజ్‌లో (సైటు పేర్ల నమోదు వివరాలు చూపే చోటు) వెతికితే 2022 అని వచ్చింది. 2022లో పుట్టిన సైటులో 2019 నాటి వ్యాసం ఎలా ఉంటుంది? ఇంకొకటి కూడా దొరికింది. రేడియో స్టేషన్ ఉన్న పున్నమ్మతోటను నేను ఒకచోట తొందరలో ఒత్తు వదిలేసి 'పున్నమతోట' అని కొట్టాను. వాళ్ల దగ్గరా సరిగ్గా అక్కడే ఒత్తు లేదు.

ఈ కాగితాలన్నీ పట్టుకుని మా వీధి చివర ఉండే లాయర్ గారి దగ్గరికి వెళ్లాను. రిజిస్టర్ చేయించలేదు కదా, నాకేం హక్కుంటుందని నా భయం. "రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదమ్మా. రాసిన క్షణం నుంచే హక్కు నీది. 500 రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించుకుంటే కోర్టులో రుజువుగా పనికొస్తుంది, అంతే" అన్నారు. 1957 కాపీరైట్ చట్టం తీసి 57వ సెక్షన్ చూపించారు. హక్కులు ఇంకొకరికి అమ్మేసుకున్నా సరే, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు రాసినవాళ్లకే ఉంటుందట. నాకు కావలసింది అదే. కేసు వేయాల్సి వస్తే వాళ్లెక్కడున్నా నేను మన జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చని, 62వ సెక్షన్ అందుకు వీలిస్తుందని కూడా చెప్పారు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పారు: "రేడియో లైసెన్సు మీద ఇంకెవరూ రాయకూడదు అనలేవు. విషయం అందరిదీ. నువ్వు చెప్పిన తీరే నీది." 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదేనట.

ఆ సైటులో ఫోను నంబరు లేదు, చిరునామా లేదు. యజమాని పేరు హూఈజ్‌లోనూ దాచే ఉంది. కానీ సర్వర్ ఎవరిదో తెలిసింది. అది అమెరికా కంపెనీ. ఇంటర్నెట్‌లో కాపీ కొట్టి పెట్టినవాటిని తీయించడానికి అక్కడ 1998 నాటి డీఎంసీఏ చట్టం ఉంది, దాని కింద నోటీసు ఇస్తే ఆ కంపెనీ పట్టించుకోవాలి. నా పేజీ చిరునామా, వాళ్ల పేజీ చిరునామా, నా పేరు, ఈమెయిలు, ఫోను, నా అనుమతి లేదని నిజాయితీగా నమ్ముతున్నానన్న మాట, చివర సంతకం. పూర్తి పేరు టైపు చేస్తే అదే సంతకం. అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకుంటూ, హక్కుదారును నేనేనని రాసే వాక్యం కూడా ఒకటి ఉంటుంది.

ఆ వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. వ్యాసంలో ఫొటోలు రెండు. లైసెన్సు పుస్తకం ఫొటో నేను తీసిందే. గూట్లో రేడియో ఉన్న ఫొటో మాత్రం తెనాలిలో ఉండే మా బాబాయి కొడుకు తీశాడు. మన చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషే. రేడియో మాది, ఇల్లు మాది, ఫొటో వాడిది. మూడేళ్లకు పైగా దాని కింద వాడి పేరు నేనూ పెట్టలేదు. అప్పటికప్పుడు ఫోన్ చేశాను. "అక్కా, దానికేముంది, నీ ఇష్టం" అన్నాడు. వాడికి ఏమీ అనిపించకపోయినా నాకు అనిపించింది. నా పేజీలో ఫొటో కింద వాడి పేరు పెట్టాను. నోటీసులోంచి ఆ ఫొటో తీసేసి, వ్యాసం, లైసెన్సు ఫొటో మాత్రమే నావని రాశాను.

గూగుల్‌కు వేరుగా ఒక ఫారం నింపాను. అక్కడ తీసేస్తే వెతికినప్పుడు ఆ పేజీ రాదు తప్ప, పేజీ అక్కడే ఉంటుంది. అందుకే సర్వర్ కంపెనీకి రాయడమే ముఖ్యం. నోటీసు పంపిన రెండో రోజు అందిందని జవాబు వచ్చింది. తొమ్మిదో రోజుకు పేజీ పోయింది. అవతలివాళ్లు ఎదురు నోటీసు ఇస్తే, నేను కోర్టుకు వెళ్లకపోతే, 10 నుంచి 14 పనిదినాల్లో పేజీ మళ్లీ పెట్టేయొచ్చు. ఆ రోజులన్నీ పొద్దున లేవగానే ఆ చిరునామా తెరిచి చూసేదాన్ని. ఎదురు నోటీసు రాలేదు.

దాని బదులు ఈమెయిలు వచ్చింది. "మేడమ్, కింద మీ పేరు వేస్తాం, వ్యాసం ఉంచనివ్వండి" అని. తేదీ ఎందుకు మార్చారని అడిగాను. దానికి జవాబు లేదు. నాలుగైదు వాక్యాలు, పైన నా పేరు, మిగతాది చదవడానికి నా పేజీ లింకు. అంతవరకైతే సరేనన్నాను. మొత్తం వ్యాసం మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పుడు అలాగే ఉంది. పేరు పైనే ఉంది.

వెతుకుతుంటే ఇంకో సైటులో కూడా అదే వ్యాసం కనబడింది, రెండు ఫొటోలతో సహా. స్క్రీన్‌షాట్లు ముందే తీసుకున్నాను. నిన్న రాత్రి నా నోటీసు వెళ్లింది. రేడియో ఫొటోకు తెనాలి నుంచి తమ్ముడి నోటీసు వాడి పేరునే వెళ్లింది.