చెప్పింటే వచ్చిండేవాణ్ణి

తిరుపతిలో సాయంత్రం పూట డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు వ్యాకరణం చెబుతున్న ఇన్నేళ్లలో, జరగని గతాన్ని చెప్పే వాక్యాల దగ్గర తడబడనివారిని నేను చాలా అరుదుగా చూశాను. ‘ఇఫ్ ప్లస్ పాస్ట్ పర్ఫెక్ట్, వుడ్ హావ్ ప్లస్ వీ త్రీ (క్రియ మూడో రూపం)’ అన్న సూత్రం అందరికీ కంఠస్థమే. నోరు విప్పితే మాత్రం ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ అనో, ‘ఇఫ్ ఐ హాడ్ వెంట్’ అనో వస్తుంది.

పోయిన వారం ఒక అమ్మాయి చెన్నైలో ఇంటర్వ్యూ తప్పిపోయిన సంగతి చెబుతూ, ‘ఇఫ్ ఐ కాట్ సప్తగిరి ఎక్స్‌ప్రెస్, ఐ వుడ్ అటెండ్ ద ఇంటర్వ్యూ’ అంది. ఆ రైలు ఎప్పుడో వెళ్లిపోయినా, ఈ వాక్యం వింటే ఇంటర్వ్యూ ఇంకా ముందున్నట్టే తోస్తుంది.

“ఇదే మాట ఇంట్లో మీ అమ్మతో ఎట్లా చెబుతావమ్మా?” అని అడిగాను.

“రైలు దొరికింటే ఇంటర్వ్యూకి పొయ్యిండేదాన్ని సార్.”

ఆ మాటనే బోర్డు మీద రాసి, ‘దొరికింటే’లోని ‘ఇంటే’ కింద ‘హాడ్’ అనీ, ‘పొయ్యిండేదాన్ని’లోని ‘ఇండే’ కింద ‘వుడ్ హావ్’ అనీ సుద్దముక్కతో రాశాను. మన చిత్తూరు యాసలో ఈ వ్యాకరణమంతా చెక్కుచెదరకుండా ఉందని నా నమ్మకం.

చిక్కంతా ‘వస్తే’ అన్న పొట్టి చేదర్థకంతోనే, అంటే షరతును చెప్పే క్రియారూపంతోనే. ‘రేపు వస్తే ఇస్తాను’ అన్నా, ‘నిన్న వస్తే ఇచ్చేవాణ్ణి’ అన్నా రూపం మారదు. పైగా ‘వానాకాలంలో కపిలతీర్థం జలపాతం చూడడానికి వెళ్లేవాళ్లం’ అని అలవాటు చెప్పే క్రియనే ‘నిన్న సెలవు దొరికితే వెళ్లేవాళ్లం’ అని జరగనిదానికీ వాడతాం. ఇంగ్లీషులోనూ ‘వుడ్ గో’ పాత అలవాటును చెబుతుంది కాబట్టి, జరగనిదానికీ అదే చాలుననుకొని పిల్లలు ‘హావ్’ను వదిలేస్తారు.

ఫలితం ఇప్పటిదైతే ఆ ‘హావ్’ నిజంగానే అక్కరలేదు: ‘ఉద్యోగం వచ్చింటే ఇప్పుడు చెన్నైలో ఉండేదాన్ని’ అన్నప్పుడు రెండో సగంలో ‘ఇండే’ లేదు, ఇంగ్లీషులోనూ ‘ఐ వుడ్ బి ఇన్ చెన్నై నౌ’ అంటే సరిపోతుంది.

‘ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ’ అన్నది అచ్చుతప్పని వాదించిన కుర్రవాడిని, ‘డబ్బులు ఉండింటే’ అన్న మాటను విడదీయమన్నాను. ‘ఉండి, ఉంటే’ అని రాసి, రెండు ‘ఉండు’ల కిందా రెండు ‘హాడ్’లు తానే పెట్టాడు.