రేపటి కాగితం

ఆ రాత్రి మా అమ్మాయికి జడ వేస్తున్నాను. వేస్తున్నది నా చేతులే, మనసు మాత్రం సాయంత్రం వచ్చిన ఆఫీసు మెయిల్ దగ్గర ఉంది. దానికి ఏమని జవాబివ్వాలో లోపల్లోపల వాక్యాలు కూర్చుకుంటున్నాను. నాలుగైదు మెలికలు పడ్డాక జడ చేతిలోంచి జారి మొత్తం విడిపోయింది. పిల్ల వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుని, "అమ్మా, రెండు పాయలే తీశావ్. రెండు పాయలతో జడెలా వస్తుంది?" అంది. కోపంగా అనలేదు. ఏమీ తెలియనివాళ్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు.

నవ్వేసి మళ్లీ మూడు పాయలు తీశాను. కానీ ఆ రాత్రి పడుకున్నాక కూడా ఆ మాట వదల్లేదు. మెయిల్ కూడా వదల్లేదనుకోండి.

నా ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. ఇంట్లో వాడుకునే బీపీ మిషన్లు, నెబ్యులైజర్లు, థర్మామీటర్లు కొన్నప్పుడు డబ్బా అడుగున ఒక చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, పైన "వాడే ముందు తప్పక చదవండి" అని. అది రాసేది నాలాంటివాళ్లే. ఎవరూ చదవరని మాకూ తెలుసు. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "డబ్బా అడుగున పడుండే రచయిత్రిని" అని చెప్పి నవ్వించేదాన్ని. పదకొండేళ్లు ఇదే జోకు. ఎప్పుడు చేదెక్కిందో గుర్తులేదు గానీ, ఒక దశలో నేనే నవ్వడం మానేశాను.

నిద్ర సరిగా పట్టదు. పట్టినా, లేచేసరికి మళ్లీ పడుకోవాలనిపించేంత అలసట. డాక్టర్ దగ్గరికి వెళ్తే థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ చూశారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి, "సెలవుల్లో ఎలా ఉంటారు?" అని అడిగారు.

"బాగానే ఉంటానండీ. చివరి రోజు మధ్యాహ్నం నుంచి కడుపులో తిప్పుతుంది."

డిప్రెషన్ ఏమో తేల్చుకోవడానికి ఇంకో పది ప్రశ్నలు అడిగి, అది కాదనుకున్నాక బర్నవుట్ అన్న మాట వాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల వర్గీకరణ కొత్త కూర్పులో దీనికి నిర్వచనం ఇచ్చిందట. అదీ జబ్బుగా కాదు, పని వల్ల వచ్చే పరిస్థితిగా. మూడు లక్షణాలు చెప్పారు. ఒంట్లో శక్తంతా పిండేసినట్టు ఉండటం, పని అంటే దూరం లేదా ఎకసెక్కం, చేతనైన పని కూడా చేతకావట్లేదనిపించడం. మొదటిదీ మూడోదీ వెంటనే ఒప్పుకున్నాను. రెండోదే గుచ్చుకుంది. ఎకసెక్కం నా తెలివితేటలనుకుంటూ వచ్చాను మరి.

ఇంటికొచ్చి మనకు బాగా అలవాటైన పనే చేశాను. ఆరంభశూరత్వం. పొద్దున నాలుగున్నరకి లేవడం, ధ్యానం, నడక, రోజుకి ఇరవై పేజీలు చదవడం, కృతజ్ఞతల డైరీ. అన్నిటికీ గళ్లు గీసి ఒక చార్టు. గడి నిండితే టిక్కు, నిండకపోతే ఎర్ర ఇంకు. వారం తిరక్కుండానే అది నా రెండో ఉద్యోగమైపోయింది. పైగా ఈ ఉద్యోగంలో పైఅధికారిని కూడా నేనే, మహా కఠినురాల్ని. కృతజ్ఞతల డైరీలో మొదటి రోజు నిజంగానే ఆలోచించి రాశాను. నాలుగో రోజుకి "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని పైనుంచి కిందకి దించేశాను. ఆ ఉద్యోగం తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోంది, అయినా రాశాను. పదిహేడో రోజు చార్టు చింపేశాను. ఆ రోజు కలిగిన హాయి అంతకుముందు పదహారు రోజుల్లో ఏ గడీ ఇవ్వలేదు.

తర్వాత చేసిన పని చాలా చప్పనిది. రెండు వారాల పాటు, ఏమీ మార్చకుండా, ఎన్ని గంటలు పనిచేస్తున్నానో ఒక చిన్న నోట్‌బుక్‌లో రాశాను. నా లెక్కలో వారానికి 48 ఉండొచ్చనుకున్నాను. 58 తేలింది. ఆ తేడా పది గంటల్లో చాలా వరకు రాత్రిపూట మంచం మీద పడుకుని మెసేజ్‌లు చదవడమే. జవాబివ్వడం కూడా కాదు, ఊరికే చదవడం. చదివి, ఫోన్ బోర్లించి, చీకట్లో దాని గురించే ఆలోచించడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన లెక్క ఒకటి అప్పుడే చదివాను. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకి స్ట్రోక్ ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువట. మరోపక్క నేనేమో గుండెని కనిపెట్టుకుని ఉండే మిషన్ల పుస్తకాలు రాస్తున్నాను.

అయితే ఆ నోట్‌బుక్ తిరగేస్తుంటే గంటల కన్నా ఇంకో సంగతి ఎక్కువ కనిపించింది. ఏ రోజుకీ ముగింపు లేదు. పని ఎప్పుడు మొదలైందో రాసి ఉంది, ఎప్పుడు అయిపోయిందో రాయడానికి చోటుంది, కానీ రాయడానికేమీ లేదు. గానుగెద్దునైనా సాయంత్రానికి కాడి విప్పి కట్టేస్తారు. నా కాడి విప్పాల్సిందెవరు?

ఇక్కడే నాకు పనికొచ్చిన ఒకే ఒక్క ఉపాయం దొరికింది. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయంవాళ్లు 57 మంది యువతీయువకుల్ని నిద్ర పరిశోధనశాలలో పడుకోబెట్టి, పడుకునే ముందు అయిదు నిమిషాలు రాయమన్నారు. కొందరు ఆ మధ్య పూర్తిచేసిన పనులు రాశారు, కొందరు ముందున్న రోజుల్లో చెయ్యాల్సినవి రాశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. చెయ్యాల్సినవి రాసినవాళ్లు సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. నేను దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఊహించాను. రేపటి పనులు గుర్తు చేసుకుంటే ఉన్న నిద్ర కూడా పోతుందనుకున్నాను.

నేను పడుకునే ముందు కాకుండా, సాయంత్రం పని దగ్గర్నుంచి లేచేముందు రాయడం మొదలుపెట్టాను. ఒక పక్క ప్రింటయిన పాత కాగితాలు మా దగ్గర కుప్పలు. వాటి వెనకవైపు. మొదటి వారం ఫలితం సున్నా. ఎందుకంటే నేను రాసినవి ఇలా ఉన్నాయి: "14వ పేజీ చూడాలి. మెయిల్స్. నెబ్యులైజర్." ఇలా రాస్తే బుర్ర ఊరుకోదు. చూడాలి సరే, ఏం చూడాలి అని రాత్రి పదకొండింటికి లేపి అడుగుతుంది. రెండో వారం నుంచి ఇలా రాశాను: "14వ పేజీ, 3వ బొమ్మ. గొట్టం బిగించే బాణం ఎడమవైపు తిరిగి ఉంది, కుడికి మార్చాలి. బొమ్మలు గీసే ఆయనకి పదింటిలోపు ఫోన్. ఆయన లేకపోతే ఆ పేజీ వదిలేసి 15 నుంచి మొదలుపెట్టు." చివర్లో "మొదలుపెట్టు" అని నాకు నేనే ఆజ్ఞ ఇచ్చుకోవడం నవ్వొచ్చేది గానీ, పనిచేసింది. కాగితం కీబోర్డు మీద పెట్టి, లాప్‌టాప్ మూత దాని మీదకి వాల్చి వచ్చేసేదాన్ని. తెల్లారి మూత తియ్యగానే ముందు అదే కనబడుతుంది.

కాగితం సగం పనే చేసింది. మిగతా సగం మా మేనేజర్ గారితో మాట్లాడటం. దీన్ని నేను రెండు నెలలు వాయిదా వేశాను, అంత భయం. ఆఖరికి ఒకరోజు వెళ్లి, "సార్, రాత్రి ఎనిమిది తర్వాత మెసేజ్‌లు చూడను. మరీ అర్జెంటయితే ఫోన్ చెయ్యండి, ఎత్తుతాను" అన్నాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీరు రాత్రిళ్లు చూస్తున్నారని నాకు తెలీదమ్మా. నేను మర్చిపోతానేమోనని అప్పుడు పంపేస్తుంటాను" అన్నారు.

అంటే ఆయన తన తలలోంచి దించుకుంటున్న బరువు నేరుగా నా తల మీదకి వస్తోందన్నమాట, మా ఇద్దరికీ తెలియకుండా. కొత్త మిషన్ విడుదలయ్యే వారం మాత్రం మినహాయింపు అని ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో రాత్రిపూట మూడు ఫోన్లు వచ్చాయి. అందులో ఒకటి నిజంగా అర్జెంటు. ఒకటి పొరపాటున నొక్కుకున్నది.

అందరికీ ఇలాంటి పైఅధికారి ఉండరని తెలుసు. అడిగితే ఉద్యోగానికే ముప్పొచ్చే చోట "హద్దులు గీసుకోండి" అని ఉచిత సలహా ఇవ్వడం నాకు నచ్చదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, 50 మంది పైబడి ఉన్న సంస్థలు పనివేళల తర్వాత ఫోనూ మెయిలూ పట్టించుకోకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో మాట్లాడి తీరాలని చట్టమే ఉంది. చట్టం దాకా వెళ్లిందంటే, ఇది ఒక్క మనిషి మనోబలంతో తేలే వ్యవహారం కాదనే కదా.

నిద్ర దారిలో పడింది. ఆదివారం మధ్యాహ్నపు కడుపు తిప్పుడు తగ్గింది. కానీ పని మీద ఎకసెక్కం మాత్రం అలాగే ఉంది. విశ్రాంతి దొరికిన మనిషి ఇంకా చురుగ్గా వెక్కిరించగలదు, అంతే.

దానికి మందు అనుకోకుండా దొరికింది. చందాలు అడిగే కాల్ సెంటర్ ఉద్యోగుల మీద ఆడమ్ గ్రాంట్ అనే ఆయన చేసిన ప్రయోగం ఒకటుంది, 2007లో అచ్చయింది. ఆ చందాలతో స్కాలర్‌షిప్ అందుకున్న ఒక విద్యార్థితో వాళ్లని అయిదు నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్‌లో గడిపే సమయం రెట్టింపు దాటింది, తెచ్చే చందా కూడా. ఇది చదివాక, నేను రాసింది చదివే మనిషిని పదకొండేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదని తట్టింది. మా కస్టమర్ సర్వీసువాళ్లని బతిమాలి, ఒక పూట వాళ్ల పక్కన కూర్చుని ఫోన్లు వినే ఏర్పాటు చేసుకున్నాను.

చాలా ఫోన్లు బ్యాటరీల గురించే. ఆరోదో ఏడోదో ఒక పెద్దావిడది. బీపీ మిషన్ ఎప్పుడు చూసినా ఎక్కువ చూపిస్తోందని, ఆసుపత్రిలో చూస్తే తక్కువ ఉంటోందని ఫిర్యాదు. మా కుర్రాడు, "ఎలా కూర్చుని చూస్తున్నారండీ?" అని అడిగాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని, చెయ్యి పక్కకి కిందికి వేలాడేసి చూస్తున్నారు. చెయ్యి గుండె ఎత్తు కన్నా కిందికి ఉంటే అంకె ఎక్కువే వస్తుంది. ఆ సంగతి పుస్తకంలో ఉంది, నేనే రాశాను. మావాడు మర్యాదగా, "పుస్తకంలో బొమ్మ ఉందండీ, ఒకసారి చూడండి" అన్నాడు.

పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆవిడ, "బొమ్మలో చెయ్యొక్కటే ఉంది గదా నాయనా, మనిషి లేడు. గుండె ఎక్కడుందనుకోవాలి?" అన్నారు.

పుస్తకం తీసి చూశాను. నిజమే. పట్టీ కట్టిన చెయ్యి, భుజం దగ్గర తెగిపోయినట్టు, తెల్ల కాగితం మీద తేలుతోంది. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలన్న వాక్యం 11వ పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ బొమ్మని నేను ఎన్ని కూర్పుల్లో దిద్దానో లెక్కలేదు. పట్టీ గొట్టం ఏ వైపు ఉందో దిద్దాను, గీతల మందం దిద్దాను. మనిషి లేడని నాకెప్పుడూ కనపడలేదు.

ఆ సాయంత్రం రేపటి కాగితం నిండిపోయింది. మొదటి పేజీలో మనిషి మొత్తం ఉన్న బొమ్మ. కుర్చీకి వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకి ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో, పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీదే. కొలిచే ముందు అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోవాలన్నది పెద్ద అక్షరాల్లో. పేజీ పెరిగితే ఖర్చు పెరుగుతుందని లోపల కొంత గొడవ జరిగింది. హామీ షరతుల్లో రెండు పేజీలు కుదించి చోటు సంపాదించాను. అంత పట్టుదలగా ఒక పని మీద పోట్లాడి ఎన్నాళ్లయిందో.

అలాగని రోజూ హుషారుగా ఉంటానని కాదు. "పాజిటివ్‌గా ఆలోచించండి" అని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను చేసేదల్లా, కాగితం అడుగున ఆ రోజు అయిన పని ఒక్కటి రాయడం. కొన్ని రోజులు "ఈ రోజు ఏమీ కాలేదు" అని రాసినవి కూడా ఉన్నాయి. అబద్ధం రాయనక్కర్లేని డైరీ కాబట్టేమో, ఇది మాత్రం నిలబడింది.

కొత్త బొమ్మ ప్రూఫు ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మాయి చూసింది. ఇప్పుడు తన జడ తనే వేసుకుంటుంది. బొమ్మ కింద రాసింది పైకి చదివి, "అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలా? నువ్వెప్పుడైనా కూర్చున్నావా అమ్మా?" అంది. సరే చూద్దామని కుర్చీ లాక్కుని, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి కూర్చున్నాను. అది గడియారం పట్టుకుని ఎదురుగా నిలబడింది. మూడో నిమిషంలో 22వ పేజీలో ఒక తప్పు గుర్తొచ్చింది. లేచి, కాగితం మీద రాసొచ్చాను.

"చెల్లదు. మళ్లీ మొదటి నుంచి" అంది. కూర్చున్నాను.