డ్యూటీ రోజున యాపిల్ క్రిస్ప్

మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ నగరానికి వాయవ్యంగా, యాపిల్ తోటలు పరుచుకున్న మెట్ట నేలను ఇక్కడివారు ఫ్రూట్ రిడ్జ్ అంటారు. పడమటనున్న మిషిగన్ సరస్సు వసంతకాలంలో గాలిని చల్లగా ఉంచడం వల్ల చెట్లు తొందరపడి పూయవు, అందుచేత ఆలస్యంగా కురిసే మంచు నుంచి పూత చాలావరకు తప్పించుకుంటుంది. సెప్టెంబరు మొదలైందంటే, నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్ విశ్రాంతి గదిలో ఎవరో ఒకరు తోట నుంచి తెచ్చిన పండ్ల సంచి పెట్టి, కావలసినవారు తీసుకోవచ్చునని చీటీ అంటిస్తారు.

ఆ పండ్లతో నేను స్లో కుక్కర్‌లో, అంటే సన్నని వేడి మీద గంటల తరబడి వండే విద్యుత్ పాత్రలో, యాపిల్ క్రిస్ప్ చేస్తాను; యాపిల్ ముక్కల మీద ఓట్స్, వెన్నల పొడి పరచి ఉడికించే తీపి ఇది. ఉదయం 7 గంటలకు డ్యూటీ ఎక్కి రాత్రి 7 గంటలకు దిగేవారికి దీనికంటే అనువైన తీపి వంటకం నాకు తెలియదు. ఇక్కడి మన ఇళ్లలో చాలాచోట్ల ఓవెన్ అనేది పెనాలు, మూకుళ్లు సర్దుకునే అరగానే ఉండిపోతుంది కనుక, దాని జోలికి పోకుండా పండ్ల వంటకం చేయగలగడం కొత్తగా వచ్చినవారికి పెద్ద వెసులుబాటు.

స్లో కుక్కర్ వెనుక కథ కూడా వలస వచ్చినవారిదే. యూదులు శుక్రవారం సాయంత్రం నుంచి సబ్బాత్ అనే వారపు విశ్రాంతి దినం పాటిస్తూ నిప్పు వెలిగించరు; అందుకని చోలెంట్ అనే కూరను ముందుగానే రొట్టెల బట్టీలో పెట్టి, రాత్రంతా సన్నని వేడి మీద ఉడకనిచ్చేవారు. లిథువేనియా నుంచి వచ్చిన తల్లి చెప్పిన ఆ జ్ఞాపకం విని ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు విద్యుత్తుతో పనిచేసే పాత్రను తయారుచేసి, 1940లో పేటెంటు పొందారు. ఆ తర్వాత రైవల్ కంపెనీ ఆయన సంస్థను కొని, 1971లో క్రాక్‌పాట్ పేరుతో దాన్ని అమ్మకానికి తెచ్చింది. ఉద్యోగాలకు వెళ్లే స్త్రీలు దాన్ని ఆదరించారు. పిడకల దాలిలో పొద్దంతా కాగి మీగడ కట్టే పాలను చూసి పెరిగిన మనకు, ఈ పద్ధతిని ఎవరూ ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

ఆరు క్వార్టుల (సుమారు 5.7 లీటర్ల) కుక్కర్‌కు మూడు పౌండ్ల పండ్లు, అంటే దాదాపు 1.36 కిలోలు సరిపోతాయి. రకం ఎంచుకోవడంలోనే వంట సగం తేలిపోతుంది. గ్రానీ స్మిత్ వంటి పుల్లని, గట్టి కాయలు గంటల తరబడి ఉడికినా ముక్కగా నిలుస్తాయి. మెకింటాష్ మాత్రం గుజ్జయిపోతుంది. తొక్క తీసి, అంగుళం మందాన కోసిన ముక్కలకు అర కప్పు చక్కెర, ఒక చెంచా దాల్చినచెక్క పొడి, ఒక పెద్ద చెంచా చొప్పున నిమ్మరసం, కార్న్‌ఫ్లోర్ పట్టించాలి. నేను కొంచెం ఏలకుల పొడి కూడా వేస్తాను. ఒక కప్పు ఓట్స్, ముప్పావు కప్పు మైదా, ముప్పావు కప్పు బ్రౌన్ షుగర్, చిటికెడు ఉప్పు, 113 గ్రాముల చల్లని వెన్న చేతివేళ్లతో పొడిపొడిగా కలిపి ముక్కల మీద పరచాలి. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం కోరు వేస్తే రుచి ఇంకా నిండుగా ఉంటుందని నా అభిప్రాయం.

అసలు మెళకువ మూత దగ్గర ఉంది. లోపలి ఆవిరి మూతకు తగిలి, నీటి బొట్లుగా మారి ఓట్స్ మీద పడితే పైపొర మెత్తబడి జావలా అవుతుంది. అందుకని పాత్ర మీద శుభ్రమైన పొడి గుడ్డ పరిచి, దానిపై మూత పెట్టి, వేలాడే అంచులను వేడికి తగలకుండా పైకి మడవాలి. కుక్కర్ మీటను ‘లో’ (తక్కువ వేడి) మీద పెడితే నాలుగు గంటలు, ‘హై’ (ఎక్కువ వేడి) మీద పెడితే రెండు గంటలు పడుతుంది. మధ్యలో మూత తీసి చూస్తే పోయిన వేడి తిరిగి చేరడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి, చివరి అరగంటలో మాత్రమే మూతను కొద్దిగా ఓరగా ఉంచాలి. ఇంత చేసినా ఓవెన్‌లో వచ్చే కరకర రాదు. బదులుగా పండు రసం ఇంకిన మెత్తదనం వస్తుంది, నాకు అదే ఇష్టం.

పండుగ రోజు డ్యూటీ పడినప్పుడు ముక్కలు, పైపొడి రాత్రే సిద్ధం చేసి విడివిడిగా ఫ్రిజ్‌లో ఉంచుకుంటాను. పొద్దున్నే విశ్రాంతి గదిలో కుక్కర్ పెడితే మధ్యాహ్న భోజనానికి సిద్ధమవుతుంది, రాత్రి షిఫ్టు వారి వాటాను వేరే డబ్బాలో తీసి ఫ్రిజ్‌లో దాస్తాను. గుడ్డు, జెలటిన్ లేనందువల్ల శాకాహారులు సంకోచం లేకుండా తినవచ్చు. ఇక్కడి చాలా తీపి పదార్థాల విషయంలో ఆ నిశ్చింత ఉండదు. గింజల అలర్జీ ఉన్నవారి కోసం బాదం, వాల్‌నట్ వేయను. ఏమేమి వేశానో చీటీ మీద రాసి పక్కన తప్పక పెడతాను. గోధుమ పడనివారికి మైదా ఉందని తెలియడం ప్రాణావసరం.

ఈ కుక్కర్‌ను ఊళ్లో అమ్మకు తీసుకెళ్లాలనుకునేవారికి ఒక మాట చెప్పాలి. ఇక్కడివి 120 వోల్టులకు తయారైనవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే దాదాపు నాలుగు రెట్ల విద్యుత్తు లాగి కాలిపోతుంది. అక్కడ దొరికే మోడల్ కొనివ్వడం మేలు, లేదా అడుగు మందమైన గిన్నెలో, బాగా తగ్గించిన మంట మీద ముక్కలను ఉడికించి, విడిగా వెన్నలో వేయించిన ఓట్స్ పొడిని వడ్డించే ముందు పైన చల్లుకోవచ్చు.