రైతు భరోసా ఎవరికెంత చేరిందో ఊళ్లో లెక్కగట్టడం

తెలంగాణలో 2018 మేలో మొదలైన రైతుబంధు, 2025 జనవరి నుంచి రైతు భరోసాగా ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తోంది. సాగుకు పనికొచ్చే భూమికి పట్టా ఉంటే చాలు, కులంతో పనిలేదు. అందుకే దీన్ని అందరికీ సమానమైన పథకం అనేవాళ్లున్నారు. కానీ పదెకరాలు కౌలుకిచ్చి పట్నంలో ఉండే ఆసామికి 1,20,000 పడితే, ఆ పదెకరాలూ దున్నే, సొంతంగా గుంట కూడా లేని కుటుంబానికి సున్నా. తేడా ఎక్కడ పుడుతోందో ఊళ్లో కూర్చుని లెక్కగట్టాల్సిందే.

లబ్ధిదారుల జాబితాతో మొదలుపెట్టకండి, డబ్బు అందనివాళ్లు అందులో కనిపించరు. ముందు అన్ని ఇళ్లూ రాసుకుని, ప్రతి ఐదో ఇంట్లో అడగాలి. ఎస్సీ వాడ, తండా చిన్నవైతే అక్కడ ఒక్క ఇల్లూ వదలొద్దు, ఆరేడు ఇళ్లతో శాతాలు కడితే అవి నిలబడవు.

"మీకు భూమి ఎంత?" అని అడిగితే కొందరు కౌలు భూమినీ కలిపి చెబుతారు. కాబట్టి రెండు గడులు పెట్టుకోండి: పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది, నిరుడు వానాకాలం దాన్ని ఎవరు సాగుచేశారు. ఆసామి ఎదురుగా కౌలు మాట ఎత్తొద్దు. వచ్చే ఏడు భూమి ఇవ్వడేమోనన్న భయంతో కౌలురైతు నోరు విప్పడు. పాసుపుస్తకం ఆడవాళ్ల పేరున ఉంటే, బ్యాంకు నుంచి డబ్బు తెచ్చేదెవరో కూడా రాయండి.

తర్వాత ఒక్కో కులవర్గానికి రెండు వాటాలు పక్కపక్కన పెట్టండి: ఊరి ఇళ్లలో ఎంత, వచ్చిన డబ్బులో ఎంత. ఐదింట ఒక్క ఇల్లే అడిగినచోట తేలిన డబ్బును ముందు ఐదుతో గుణించండి. 2024 కులగణనలో రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. ఈ అంకెలను ఊరికి అతికిస్తే లెక్క తప్పుతుంది, ఏ ఊరి వాటా ఆ ఊరిదే.

భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఉంది కదా అంటారు. దానికి 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలి. ఏడాదంతా కౌలు పొలంలోనే ఉన్నవాడికి ఆ రోజులు ఎక్కణ్నుంచి వస్తాయి? నాకు ఇది రెండో అన్యాయంలా కనిపిస్తుంది.

ఆంధ్రలో 2019 చట్టం కౌలురైతుకు సాగు చేస్తున్నది తనేనని చూపే సాగుదారు కార్డు ఇస్తుంది, 11 నెలలకు. అయితే యజమాని సంతకం కావాలి. అక్కడ మరో గడి పెట్టండి: సంతకం అడిగారా, ఏమన్నారు? "కార్డు లేదు" అని ఒక్క ముక్క రాస్తే, అడగలేకపోయినవాడూ, అడిగి కాదనిపించుకున్నవాడూ ఒకే లెక్కలో కలిసిపోతారు.