పిల్లల టైమ్‌టేబుల్‌లో నాకూ ఒక పీరియడ్

పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతున్నామని తెలియగానే అందరూ ముందు పిల్లల గురించే అడుగుతారు. స్నేహితులు ఎలా దొరుకుతారు, పరీక్షలు ఎలా రాస్తారు, రేపు పెద్ద చదువులకు ఇబ్బంది కాదా అని. ఇంకో ప్రశ్న ఉంది. అది తల్లులు మాత్రమే అడుగుతారు, అదీ పక్కకు పిలిచి: "మరి నీ సంగతేంటి?" దీనికి చాలాకాలం నా దగ్గర జవాబు లేదు. నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు జవాబుంది కానీ రెండు ముక్కల్లో తేలేది కాదు.

మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు, చిన్నవాడికి నాలుగు. పిల్లలు పుట్టకముందు నేను అకౌంట్స్‌లో పనిచేసేదాన్ని. మళ్ళీ ఆ వైపు వెళ్ళాలంటే కొత్తగా ఒక కోర్సు పూర్తి చేయాలి. ఫీజు కట్టాను, పుస్తకాలు తెచ్చుకున్నాను, అవి బీరువా పైకెక్కాయి. చిన్నప్పటి నుంచీ ఉన్న నవలల పిచ్చి కూడా వాటి వెనకే అటకెక్కింది. పిల్లల పాఠాలు అయ్యాక చదువుకుందాం అనుకునేదాన్ని. బళ్ళో అయితే గంట కొడతారు, పిల్లలు ఇంటికెళ్తారు, టీచరు తన పని తను చూసుకుంటుంది. ఇంట్లో గంట కొట్టేదెవరు? పాఠాలు ఎప్పటికీ "అయిపోవు". సాయంత్రం ఏడింటికి కూడా "ఇంకో పేజీ చదివిస్తే బాగుండు" అనిపిస్తూనే ఉంటుంది.

అందుకే ముందు లెక్క తీశాను, ఎంతైనా అకౌంట్స్ బుద్ధి కదా. ఒక వారం పాటు ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అని ఫ్రిజ్ మీద కాగితం అంటించి రాశాను. తేలిందేంటంటే, పెద్దదానికి నిజంగా పాఠం జరిగేది రోజుకు రెండు గంటల పైచిలుకు. చిన్నవాడికి కూర్చోబెట్టి చెప్పేదంటూ ఏమీ లేదు, కథలు చదవడమే. మరి రోజంతా ఎటు పోతోంది? పెన్సిల్ వెతకడం, రబ్బరు కోసం తగువు తీర్చడం, రేపటి వర్క్‌షీట్ కోసం ఫోన్ తెరిచి అరగంట తర్వాత ఇంకెక్కడో తేలడం, అప్పటికే వచ్చిన లెక్కను "ఇంకోసారి చెయ్యి" అనడం. ఇవన్నీ నా సమయంలోంచే ఖర్చు.

ఇంగ్లండ్‌లో షార్లెట్ మేసన్ అనే విద్యావేత్త ఉండేవారు. ఆవిడ 1842లో పుట్టి 1923లో పోయారు. ఇంట్లో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళలో ఆవిడ పద్ధతిని ఇప్పటికీ చాలామంది పాటిస్తారు. చిన్నపిల్లలకు ఏ పాఠమైనా 20 నిమిషాలు దాటకూడదని, పాఠాలన్నీ ఉదయం పూటే ముగించి మధ్యాహ్నం వాళ్ళను బయట తిరగనివ్వాలని ఆవిడ పట్టుబట్టేవారు. అసలు ఆరేళ్ళు నిండేదాకా కూర్చోబెట్టి పాఠం చెప్పవద్దనేవారు. ఇది చదివినప్పుడు నాకు పిల్లల కోసం కాదు, నా కోసం ఊపిరి వచ్చినట్టయింది. 20 నిమిషాలు కాగానే లెక్కల పుస్తకం మూసేయడం మొదలుపెట్టాం, లెక్క మధ్యలో ఉన్నా సరే. సమయం అయిపోతుందని తెలిశాక పెద్దది కిటికీలోకి చూడటం తగ్గించింది. వారానికి కావాల్సినవన్నీ ఆదివారం సాయంత్రం ఒకేసారి తీసి ఐదు ఫైళ్ళలో సర్దేస్తున్నాను. మధ్యలో ఫోన్ పట్టుకునే పని పోయింది.

ఇలా మిగిలిన సమయం చూస్తే బాగానే ఉంది. కానీ అన్నీ ఐదు నిమిషాలు, ఎనిమిది నిమిషాల ముక్కలు. ముక్కల్లో బట్టలు మడత పెట్టొచ్చు, చదువు ఎక్కదు. ఈ విషయంలో "పిల్లలు లేవకముందు నాలుగున్నరకు లేవండి" అనే సలహా నాకు కనబడని చోటు లేదు. రాత్రి రెండుసార్లు లేచి నీళ్ళిచ్చి, దుప్పటి కప్పే తల్లికి ఆ సలహా ఇచ్చేవాళ్ళు రాత్రంతా హాయిగా నిద్రపోయేవాళ్ళే అయ్యుంటారు. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. దాంట్లోంచి కోసి చదువుకుంటే చదివింది మర్నాడు గుర్తుండదు, పైగా పిల్లల మీద అరుస్తాం. నిద్ర జోలికి వెళ్ళకూడదని తీర్మానించుకున్నాను. పైగా మా చిన్నవాడికి నేను పక్కలోంచి లేచానంటే చాలు, ఎలా తెలుస్తుందో, కళ్ళు తెరుస్తాడు.

కాబట్టి నా గంట పట్టపగలే దొరకాలి, పిల్లలు మెలకువగా ఉండగానే. భోజనాలయ్యాక ఒక గంటకు "ఎవరి పని వాళ్ళది" అని పేరు పెట్టాం. చిన్నవాడు నిద్రపోతే పోతాడు, లేకపోతే తన మూలలో తను ఆడుకోవాలి. పెద్దది చదువుకుంటుంది, బొమ్మలు వేసుకుంటుంది. నేను నా కుర్చీలో.

చెప్పినంత తేలిగ్గా కాలేదు. ఒంటరిగా ఆడుకోవడం కూడా అక్షరాలు దిద్దించినట్టే ఓపిగ్గా నేర్పాల్సిన విద్య. టైమర్‌ను మొదట ఐదు నిమిషాలకు పెట్టాను, అదీ నేను వాడికి కనబడేంత దూరంలో కూర్చుని. అది కుదిరాక పది. జలుబు చేసిన వారం మళ్ళీ ఐదుకు దిగాం. గట్టిగా పట్టుకున్నది ఒక్కటే: టైమర్ మోగేదాకా నేను లేవను. ముందే లేస్తే, రాగం తీస్తే అమ్మ వస్తుందనే పాఠం వాడు నేర్చుకుంటాడు. గంటకు చేరడానికి నెలలు పట్టింది. ఆ గంట కోసమే కొన్ని వస్తువులు వేరే డబ్బాలో పెట్టాను. చెక్క దిమ్మెలు, మైనపు ముద్ద, వినే కథలు. మిగతా సమయంలో అవి కనబడవు, అందుకే వాటికంత విలువ.

నన్ను పిలవడానికి మూడే కారణాలు. రక్తం వచ్చినా, వాంతి వచ్చినా, బాత్రూమ్ వచ్చినా. పెద్దమ్మాయి ఈ మూడింటినీ బొమ్మలుగా గీసి నా కుర్చీ వెనక గోడకు అతికించింది. ఎర్ర చుక్క, ఆకుపచ్చగా ఏదో, ఒక తలుపు. ఓ మధ్యాహ్నం చిన్నవాడు వచ్చి వేలు చాపి నిలబడ్డాడు. "రక్తం ఏదిరా?" అంటే "వస్తుందేమో అనిపించింది" అన్నాడు. వేలిని చాలా శ్రద్ధగా పరీక్షించి పంపించాను.

టీవీ పెట్టేస్తే ఈ తంటా ఏమీ ఉండదు కదా అని మీరు అడగొచ్చు. నాలుగేళ్ళ పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నా కారణం అంత పెద్దది కాదు. టీవీ ఆపాక జరిగే గొడవకు ఇంకో గంట పడుతుంది. కోర్సు పరీక్ష దగ్గర పడితే మాత్రం పెడతాను, టెన్షన్ పడకుండా పెడతాను.

ఈ గంటలో ఇంకొకటి గమనించాను. వాళ్ళు నన్ను కదిలిస్తున్నారని విసుక్కుంటాం గానీ, రోజంతా వాళ్ళను మనం ఎంత కదిలిస్తామో చూసుకోం. వాడు దిమ్మెల మీద దిమ్మె పెడుతుంటే "అబ్బ, ఎంత బాగా కట్టావు కన్నా! ఇది ఏ రంగు?" అంటూ వెళ్ళి కూర్చుంటాం. వాడి పని అక్కడితో సరి. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో 'పిల్లల ఇల్లు' అనే తన మొదటి బడి తెరిచినప్పటి నుంచి చెప్పింది ఇదే, పనిలో మునిగిన పిల్లవాడి జోలికి పోవద్దని. ఆ పద్ధతి నడిచే బళ్ళలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పొద్దున్న దాదాపు మూడు గంటలు ఎవరూ అడ్డం రాకుండా వదిలేస్తారు. నేను వ్యాఖ్యానం ఆపాక వాడి ఆట పొడుగైంది, నా పేజీలూ పెరిగాయి.

సరే, గంట దొరికింది. ఏం చదవాలి? కోర్సు పుస్తకం తెరిచి మూడు పేరాలకే కునుకు తీసిన రోజులున్నాయి. మేసన్ 1890లో మొదలుపెట్టిన తల్లిదండ్రుల పత్రికలో తల్లుల చదువు గురించి ఒక వ్యాసం వచ్చింది. పిల్లల పనిలో పడి తల్లి మనసు ఎండిపోకూడదని దాని సారం. అందులో ఒకావిడ ఎప్పుడూ మూడు పుస్తకాలు దగ్గర పెట్టుకుంటుంది: కష్టమైనది ఒకటి, ఓ మోస్తరుది ఒకటి, నవల ఒకటి. ఆ పూట ఓపికను బట్టి ఏది చేతికొస్తే అది. నూరేళ్ళు దాటిన సలహా అయినా నాకు అచ్చంగా సరిపోయింది. కుర్చీ పక్క బుట్టలో కోర్సు పుస్తకం, ఒక చరిత్ర పుస్తకం, ఒక నవల. మంచి నిద్రపట్టిన మర్నాడు కోర్సు. పంటి నొప్పితో పిల్లాడు ఏడ్చిన రాత్రి తర్వాత నవల, ఏ సంకోచం లేకుండా. ఫోన్‌లో చదవను. చదువుతున్నానో మెసేజ్‌లు చూస్తున్నానో పిల్లలకు తేడా తెలియదు, ఒక్కోసారి నాకూ తెలియదు.

చదివినది గుర్తుండాలంటే పిల్లల దగ్గర వాడే పద్ధతినే నా మీదా వాడుకున్నాను. కథ ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అంటాం కదా, అదే. తరుగుదల పాఠం చదివిన రోజు పెద్దదాన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఒక యంత్రం కొంటే దాని విలువ ఏటేటా తగ్గుతుంది. ఒక పద్ధతిలో ప్రతి ఏడూ ఒకే మొత్తం తగ్గిస్తారు. ఇంకో పద్ధతిలో మిగిలిన విలువలో ఇంత శాతం అని తగ్గిస్తారు. అర్థం కావడానికి పొడుగాటి కాగితం ముక్క ఇచ్చి, "ఇది యంత్రం. ఏడాదికి సగం పోతుంది, చించు" అన్నాను. చించింది. మిగిలిన దాంట్లో మళ్ళీ సగం. మళ్ళీ సగం. గోరంత ముక్క అయ్యాక దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, "అమ్మా, ఇలాగైతే ఇది ఎప్పటికీ అయిపోదు కదా?" అంది. నా పుస్తకంలో ఆ పద్ధతి గురించి చివరి పేరాలో రాసింది సరిగ్గా అదే, శాతం చొప్పున తగ్గిస్తూ పోతే విలువ సున్నాకు చేరదని. ఆ ప్రశ్న పరీక్షలో రాకపోయినా నేను మర్చిపోను.

ఒంటి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం కావాలంటారు. రోజూ పొద్దున్న పాఠాలకు ముందు పిల్లలతో అరగంట నడుస్తాం, నా లెక్క అక్కడ తీరుతుంది. వాళ్ళు దారిలో ఆగి చీమల్ని చూసే నిమిషాలు దాంట్లోకి రావనుకోండి. తలుపు గడియ వేసుకుని స్నానం చేస్తాను. పంటి డాక్టరు దగ్గరికి వాయిదా వేయకుండా వెళ్తాను. సెల్ఫ్ కేర్ అంటే నాకు ఇంతే.

మా ఆయనతో మాట్లాడటమే అన్నిటికన్నా కష్టమైంది. "కాస్త సాయం చేయండి" అని ఎన్నిసార్లన్నా, నేను పక్కనే ఉంటే పిల్లలు నా దగ్గరికే వస్తారు, ఆయనా "అమ్మనడుగు" అనేస్తారు. మాట మార్చాను. "శనివారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా పిల్లలు మీ బాధ్యత. నేను ఇంట్లో ఉండను" అన్నాను. పుస్తకాలు సంచిలో పెట్టుకుని లైబ్రరీకి వెళ్ళిపోయాను. మొదటి శనివారం తిరిగొచ్చేసరికి ఇల్లు కుప్ప. ముగ్గురూ మాత్రం హుషారుగా ఉన్నారు. సర్దమని ఎవరికీ చెప్పలేదు, నేనూ సర్దలేదు. తర్వాతి వారాల్లో ఆయనే పిల్లలతో సర్దించడం మొదలుపెట్టారు. కష్టమైన అధ్యాయాలన్నీ ఈ మూడు గంటల్లోనే దాటాను. ఇంటికొచ్చిన బంధువు ఒకావిడ "పిల్లల్ని మొగుడికి వదిలేసి చదువేంటమ్మా" అంది. "వాళ్ళు ఆయన పిల్లలే కదా పిన్నీ" అన్నాను. ఆ మాట ఇంకా మా ఇద్దరి మధ్యా నలుగుతూనే ఉంది, పర్లేదు.

లక్ష్యాలను ఏడాదికి రాసుకోవడం మానేశాను. ఇంట్లో చదువు చెప్పే చాలా కుటుంబాల్లో ఆరు వారాలు పాఠాలు, ఏడో వారం సెలవు అనే పద్ధతి ఉంది. మేమూ అదే పట్టుకున్నాం. నా కోర్సునూ ఆ ఆరు వారాల సంచిలోనే సర్దుతాను, రెండు అధ్యాయాలు మించకుండా. జ్వరాల వారం వస్తే "కనీసపు రోజు" ఉంటుంది: పిల్లలకు కాసేపు లెక్కలు, ఒక కథ, కాస్త ఎండ. నాకు ఒక పేజీ. ఒక్క పేజీతో ఏమవుతుందని తేలిగ్గా చూడకండి. పుస్తకం ఎక్కడ ఆగిందో గుర్తుంటుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే బాధ తప్పుతుంది.

కోర్సులో మొదటి పేపరు పాసయ్యాను, రెండోది రాయాలి. ఈలోగా చిన్నవాడు మధ్యాహ్నం నిద్ర పూర్తిగా మానేశాడు. పెద్దదానికి తొమ్మిదొస్తే పాఠాలు అరగంటకు పెంచాలి, భిన్నాలు మొదలుపెట్టాలి. నా గంటను భోజనాల తర్వాత ఉంచాలా, సాయంత్రం వాళ్ళు బయట ఆడుకునేటప్పటికి జరపాలా అన్నది ఈ ఏడో వారంలో కూర్చుని తేల్చుకోవాలి. గోడ మీద నాలుగో బొమ్మ గీయాలని కూడా చిన్నవాడు అడుగుతున్నాడు, "ఆకలేసినా" అని. దానికైతే ఇంకా ఒప్పుకోలేదు.